ఒక్క ఆక్సిజన్ ఊడితే

భీమిలి తీరంలో అల వెనక్కి తగ్గినచోట ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. ఆ నలుపు ఎక్కువగా ఇల్మెనైట్ అనే ఇనుము, టైటానియం ఖనిజానిది. అందులోనే గార్నెట్, జిర్కాన్, కాస్త రూటైల్ కూడా ఉంటాయి. రూటైల్ అంటే టైటానియం డయాక్సైడ్ స్ఫటికం. ఇసుకలోది ఇనుము కలిసి ఎర్రగోధుమ రంగులో ఉంటుంది. ప్రయోగశాలకు కావలసిన స్వచ్ఛమైన స్ఫటికాన్ని పొడిని మంటలో కరిగించి పెంచుతారు.

లోపం లేని రూటైల్‌లో కరెంటు పారదు. ఎలక్ట్రాన్ కదలాలంటే దాటాల్సిన శక్తి అంతరం 3 ఎలక్ట్రాన్ వోల్టులు (ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే ప్రమాణం). అదే స్ఫటికాన్ని వాక్యూమ్‌లో 700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే కొంత ఆక్సిజన్ ఎగిరిపోయి, లేత పసుపు కాస్తా నీలమవుతుంది, ఇంకా కాల్చితే నల్లబడుతుంది. ఊడిన ప్రతి ఆక్సిజన్ పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి వెళ్తుంది. రంగు మార్చేది అవే.

అవి స్ఫటికమంతా స్వేచ్ఛగా తిరగవు. నులక మంచం మీద కూర్చున్న మనిషి కింద నులక కుంగినట్టు, ఎలక్ట్రాన్ ఒక టైటానియం దగ్గర ఆగి చుట్టూ ఉన్న పరమాణువులను జరిపి అక్కడే చిక్కుకుంటుంది. దీన్నే పోలరాన్ అంటారు. అది చాలాసార్లు ఖాళీ (ఆక్సిజన్ ఊడిన చోటు) పక్కన కాకుండా ఉపరితలం కింది వరసలో ఉండడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఈ ఖాళీలను చూడాలంటే ముందు స్ఫటికాన్ని శుభ్రం చేయాలి. 1000 ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ అయాన్లతో పైపొర చెక్కి, మళ్లీ వేడిచేయాలి. కొత్త స్ఫటికమైతే లోపలి కాల్షియం పైకి తేలుతుంది కాబట్టి ఈ రెండు పనులూ చాలాసార్లు చేయాలి. వేడిచేయడం ఎగ్గొడితే పైపొర చిందరవందరగానే మిగులుతుంది.

సన్నని సూది మొన నుంచి ఉపరితలానికి ఎలక్ట్రాన్లు దూరే తీరుతో పరమాణువులను చూపే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ బొమ్మలో ఎత్తుగా నిలిచిన ఆక్సిజన్ వరసలు చీకటిగా, పల్లంలోని టైటానియం వరసలు వెలుగుగా కనిపిస్తాయి. పరికరం చూసేది ఎత్తును కాదు, ఎలక్ట్రాన్ దూరగలిగే చోటును. చీకటి వరసలో వెలిగే చుక్కే ఆక్సిజన్ ఖాళీ.

చిక్కల్లా నీటితోనే. విశాఖ ఉక్కపోతలో తెరిస్తే, స్ఫటికాన్ని ఉంచే వాక్యూమ్ గది గోడలకు తేమ పట్టేస్తుంది. పొడి నైట్రోజన్ నింపి తెరవాలి, మూశాక 120 నుంచి 150 డిగ్రీల్లో రోజుకు పైగా కాల్చాలి. పీడనం మిల్లీబార్‌లో 1000 కోట్లో వంతుకు దిగినా, మిగిలిన నీటి అణువు ఖాళీలోకి దూరి విడిపోయి రెండు హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) గుంపులవుతుంది. అవీ వెలిగే చుక్కలే. ఊడిన ఆక్సిజన్ వదిలిన ఎలక్ట్రాన్లు స్ఫటికంలోనే ఉండిపోతాయి కాబట్టి, కాంతి తగిలి బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తిని చూపే ఫొటోఎమిషన్ వర్ణపటంలోనూ ఖాళీ ఉన్నప్పటి శిఖరమే కనిపిస్తుంది. తేడా తెలియాలంటే అదే చోటును సుమారు 3 వోల్టులతో మరోసారి స్కాన్ చేయాలి: హైడ్రోజన్ ఎగిరిపోయి హైడ్రాక్సిల్ చుక్క మాయమవుతుంది, ఖాళీ కదలదు.