స్లాబు కింద ఎండాకాలం

మే నెలలో హన్మకొండలో ఏ మేడ మీది గదిలోనైనా రాత్రి పదింటికి స్టూలెక్కి పైకప్పుకు అరచెయ్యి ఆనించి చూడండి. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు ముట్టుకున్నట్టు ఉంటుంది. ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తూ ఉంటుంది. ఆ పూట ఇంట్లో నడిచే చర్చ కూడా ఒక్కటే: ఏసీ పెట్టించాలా, పెట్టిస్తే ఎన్ని స్టార్లది, కరెంటు ఉచిత హద్దు రెండు వందల యూనిట్లు దాటితే ఎట్లా. ఈ చర్చకు మూలం మన ఇళ్ళ పైకప్పులో ఉంది. గత నలభై, యాభై ఏళ్ళలో ఆ పైకప్పు ఎట్లా మారిందో చూస్తే ఇవాళ్టి ఏసీ టెన్షన్ సగం అర్థమవుతుంది.

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పాత ఇల్లంటే మట్టిగోడ, గూనపెంక. గోడ మూరెడు మందం ఉండేది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పొద్దున్నుంచి కాసిన ఎండ ఆ గోడను దాటి లోపలికి చేరేసరికి పొద్దుగూకేది. అప్పటికి మనుషులు మంచాలు వాకిట్లోకి తెచ్చుకునేవాళ్ళు. గోడ ఆలస్యంగా వదిలే వేడి ఖాళీ అర్రలోకి పోయేది. కలిగినవాళ్ళ భవంతి ఇళ్ళలో నడుమ ఆకాశం కనిపించే చోటు, దాని చుట్టూ అర్రలు. పెంకల సందుల్లోంచి వేడిగాలి తనంతట తానే పైకి వెళ్ళిపోయేది.

వీటన్నిటికన్నా తెలివైనది అటుక, అంటే పెంకకూ గదికీ మధ్య ఉండే అర. మా నాయనమ్మ ఇంట్లో దాని మీద ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, చింతపండు కుండలు ఉండేవి. మధ్యాహ్నం పూట నిచ్చెనెక్కి తల లోపల పెడితే సెగ మొహానికి కొట్టేది. ఏ కుండ కావాలో కళ్ళు మూసుకుని తడుముకుని దిగేవాణ్ణి. దిగాక, పేడతో అలికిన నేల మీద చాప కూడా లేకుండా పడుకుంటే వీపుకు చల్లగా తగిలేది. పైన పెంక, కింద మనం, మధ్యలో ఒక గది నిండా గాలి. ఇంజినీర్లు ఇన్సులేషన్ అనేది ఇదే. నాయనమ్మకు ఆ మాట తెలియదు, పని తెలుసు.

అలాగని ఆ ఇళ్ళను వదిలినవాళ్ళను తప్పు పట్టలేం. ఏటా వానలకు ముందు పెంక సర్దించాలి, పగిలినవి మార్చాలి. వాసాలకు చెద, సందుల్లో తేళ్ళు, ముసురు పట్టినప్పుడు మట్టిగోడ కూలుతుందేమోనన్న భయం. కలప ధర పెరిగింది, పెంక కప్పే పనివాళ్ళు తగ్గారు. ఆ పైన కోతులు. అడవులు పలచబడ్డాక ఊళ్ళ మీద పడ్డ కోతుల మంద ఒక్క పూటలో పెంక మొత్తం పీకి పోగు పెట్టేది. ఎన్నో కుటుంబాలు పెంక తీసేసి సిమెంటు రేకులు వేసుకున్నది ఈ కోతుల బాధ పడలేకే. రేకుల కింద ఎండాకాలం ఎట్లా ఉంటుందో అందులో ఉన్నవాళ్ళే చెప్పాలి. కాస్త డబ్బు కూడినవాళ్ళు స్లాబు పోశారు. సర్కారు ఇళ్ళ పథకాలు కూడా స్లాబునే పక్కా ఇల్లుగా లెక్కగట్టాయి. పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు సైతం స్లాబు ఇల్లేనా అని అడిగే రోజులొచ్చాయి.

స్లాబు గట్టిది, కోతులకు లొంగదు, వానకు కారదు. కానీ నాలుగైదు అంగుళాల కాంక్రీటు పొద్దంతా నేరుగా ఎండను తాగుతుంది. పైన నీడ లేదు, కింద అటుక లేదు. గచ్చు ఎండకూ వానకూ నల్లబడేకొద్దీ ఇంకా ఎక్కువ వేడిని పట్టుకుంటుంది. మధ్యాహ్నం తాగిన ఆ వేడిని సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా, సరిగ్గా మనం పడుకునే వేళకు, గదిలోకి వదులుతుంది. వాకిట్లో మంచం వేసుకునే అలవాటు కూడా అదే కాలంలో పోయింది. వాకిలి మీదా గది వేసుకున్నాం, బయట దోమలు పెరిగాయి. వేడిని ఆపే ఇల్లు పోయి వేడిని దాచే ఇల్లు వచ్చింది. తర్వాత కొన్న ప్రతి మిషను ఆ వేడిని తోడి బయట పోయడానికే.

మొదటి మిషను ఇనుప డబ్బా కూలర్. మూడు పక్కల గడ్డి, అడుగున నీళ్ళు, చిన్న పంపు, ముందు పెద్ద ఫ్యాను. వట్టివేళ్ళ తడికెలు కిటికీకి కట్టి నీళ్ళు చల్లిన పాత పద్ధతికి ఇది కరెంటు రూపం. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటుంది, అందుకని గాలి ఎంత పొడిగా ఉంటే అంత లాభం. మన ఎండాకాలం దీనికి బాగా అనువైనది. 43 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే, మంచి గడ్డి ఉన్న కూలర్ 30 డిగ్రీల దగ్గరి గాలినివ్వగలదు. అదీ రెండు వందల వాట్ల లోపు కరెంటుతో. ఇంత తక్కువ ఖర్చుకు ఇంత చల్లదనం ఇచ్చే మిషను మరొకటి లేదని నా నమ్మకం. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు కూడా అది నిలబడుతుంది. మృగశిర వచ్చి నాలుగు వానలు పడి గాలి తడిసిందా, అదే కూలర్ ఉక్కపోతను పెంచుతుంది.

దాన్ని వాడటంలోనూ మనం ఒక పొరపాటు చేస్తూ వచ్చాం. ఒకసారి మా కూలర్ చల్లగా రావడం లేదని పిలిస్తే, గడ్డి మార్చడానికి వచ్చిన పిల్లవాడు గది చుట్టూ చూసి, "కిటికీ తీయకుంటే కూలర్ ఏం జేస్తదన్నా?" అన్నాడు. నిజమే, తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే గంటలో గదంతా ఆవిరిగదే. ఏసీకి తలుపులు మూయాలి, కూలర్‌కు తెరవాలి. ఈ తేడా తెలియక చాలామంది కూలర్ పనికిరాదని తీర్మానించుకుని ఏసీకి పోయారు.

ఇక ఏసీ. షోరూములో టన్ను, టన్నున్నర అని అడుగుతాం కదా, ఆ టన్ను మంచుగడ్డల కాలం నాటి లెక్క. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి లాగే శక్తి అది, సుమారు 3.5 కిలోవాట్లు. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, లోపలి వేడిని బయటికి మోస్తుంది. ఒక యూనిట్ కరెంటుతో ఎన్ని యూనిట్ల వేడిని మోస్తుందన్నదే దాని పనితనం.

ఆ పనితనాన్ని కొలిచి బయటపెట్టే ప్రయత్నం మన దేశంలో 2001 ఇంధన పొదుపు చట్టంతో మొదలైంది. మరుసటి ఏడాది దాన్ని అమలు చేసే కేంద్ర సంస్థ బీఈఈ ఏర్పడింది, 2006లో స్టార్ లేబుల్ వచ్చింది, 2010 జనవరి నుంచి గది ఏసీలకు అది తప్పనిసరి అయింది. 2018లో కొలత మారింది. ఒకే వేడి దగ్గర పరీక్షించే పద్ధతి పోయి, ఏడాదిలో 1,600 గంటల వాడకాన్ని రకరకాల వేడిమిలకు పంచి లెక్కగట్టే ఐఎస్ఈఈఆర్ అనే కొలత వచ్చింది. ఇన్వర్టర్ ఏసీల బలం అప్పుడు లేబుల్ మీద కనపడింది. బ్యాటరీ ఇన్వర్టర్‌తో దీనికి సంబంధం లేదు. కంప్రెసర్ ఆగుతూ మొదలవుతూ ఉండకుండా గది చల్లబడేకొద్దీ మెల్లగా తిరగడమే ఇక్కడ ఇన్వర్టర్. 2020 నుంచి ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన పెట్టారు. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ లెక్క. 2022 జులైలో ప్రమాణం బిగించారు, నిన్నటి ఐదు స్టార్ల మోడల్ చాలావరకు నాలుగుకు దిగింది. కాబట్టి ఏసీ కొనేటప్పుడు స్టార్లతో పాటు లేబుల్ మీది సంవత్సరం కూడా చూడాలి.

ఇందులో మన ప్రాంతం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. ఆ 1,600 గంటల లెక్కలో బయటి వేడి 24 దగ్గర మొదలై 43 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. రామగుండం, మంచిర్యాల, జగిత్యాల, ఆదిలాబాద్ వైపు మే నెలలో 44, 45 కొత్తేమీ కాదు. బయట ఎంత వేడిగా ఉంటే ఏసీ అంత ఆయాసపడుతుంది, మోసే వేడి తగ్గి తాగే కరెంటు పెరుగుతుంది. దేశం మొత్తానికి వేసిన సగటు మన ఎండకు సరిగ్గా అతకదు. గోదావరిఖనిలో పై అంతస్తులో ఉన్నవాళ్ళు లేబుల్ మీది యూనిట్లు చూసి బిల్లు అంచనా వేస్తే దెబ్బతింటారు.

ఆ కరెంటు వచ్చేది కూడా ఈ గడ్డ నుంచే. రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో మొదలైంది, తర్వాత స్టేషన్ 2,600 మెగావాట్లకు పెరిగింది. భూపాలపల్లి దగ్గర చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్ 2010లో, 600 మెగావాట్లది 2016లో వచ్చాయి. అన్నిటికీ బొగ్గే ఆధారం, సింగరేణి పక్కనే ఉంది. పగలు సోలార్ కరెంటు సాయం చేస్తుంది. స్లాబు వేడి దిగేది మాత్రం రాత్రి, ఏసీలు నడిచేదీ రాత్రి. సూర్యుడు లేని ఆ వేళ భారం మళ్ళీ బొగ్గు మీదే పడుతుంది. నాలుగంగుళాల కాంక్రీటు పగటి ఎండను రాత్రి బొగ్గుగా మారుస్తోందంటే అతిశయోక్తి కాదు.

2024 మార్చి బిల్లుల నుంచి రాష్ట్ర సర్కారు గృహజ్యోతి పథకం కింద, అర్హులైన ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల మొత్తం కట్టాలి. హన్మకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) పరిధిలో ఎందరో గృహిణులు ఇప్పుడు ఇరవయ్యో తారీఖు నుంచే మీటరు చూస్తున్నారు. ఈ జాగ్రత్తను ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళే తక్కువ. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, కొత్తరకం మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. ఇంట్లో నాలుగు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 80 యూనిట్ల తేడా. 200లో 80 అంటే చిన్న లెక్క కాదు. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది 2023లో, ఏసీ తర్వాత పదమూడేళ్ళకు. ప్రతి ఇంట్లో ఉన్నదాన్ని వదిలి కొద్ది ఇళ్ళలో ఉన్నదాన్ని ముందు కొలవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పైకప్పు సంగతి అంతకన్నా ఆలస్యంగా గుర్తొచ్చింది. 2007లో వచ్చిన జాతీయ ఇంధన పొదుపు భవన కోడ్ ఆఫీసులు, మాల్స్ వంటి వాణిజ్య భవనాల కోసం. నివాసాలకు ఎకో నివాస్ సంహిత 2018 డిసెంబరులో వచ్చింది. పైకప్పు గుండా దిగే వేడికి అది పెట్టిన హద్దు, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు. ఏ పూతా పొరా లేని ఉత్త స్లాబు దానికి రెండింతలు దాటుతుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ సర్కారు కూల్ రూఫ్ విధానం ప్రకటించింది, అంటే ఎండను తిప్పికొట్టే తెల్లపూత వంటివాటితో పైకప్పును చల్లగా ఉంచడం. ఐదేళ్ళలో 300 చదరపు కిలోమీటర్ల చల్లని పైకప్పులు, అందులో 100 హైదరాబాద్ బయట. సర్కారీ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. నివాసాల్లో 600 చదరపు గజాలు, ఆపైన జాగా ఉంటేనే తప్పనిసరి, లేకపోతే ఇష్టం. వరంగల్ కాలనీల్లో తిరిగితే నూరు, నూటయాభై గజాల ఇళ్ళే ఎక్కువ. వేడికి ఎక్కువగా ఉడికేవాళ్ళు ఆ గీత కింద ఉండిపోయారు. 2015 వడగాడ్పులకు రాష్ట్రంలో వందల మంది చనిపోయారు. 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 4 లక్షల పరిహారం ప్రకటించారు. ఆ పరిహారం అవసరమే. తెల్లపూత మాత్రం మనిషి బతికుండగానే పనిచేస్తుంది.

చలికాలం ముచ్చట ఇక్కడ చిన్నది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీలో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల కిందికి పోతాయి, అక్కడ నెగడే హీటర్. పట్నాల్లో వేడి అంటే స్నానానికి నీళ్ళే. కట్టెల పొయ్యి మీది కాగు పోయి హీటర్ రాడ్డు, గీజర్ వచ్చాయి. రాడ్డు ఒక యూనిట్ కరెంటును ఒక యూనిట్ వేడిగా మార్చి ఊరుకుంటుంది. హీట్ పంప్, అంటే తిరగేసిన ఏసీ, బయటి గాలిలోని వేడిని మోసుకొచ్చి అదే యూనిట్‌తో దాదాపు మూడు యూనిట్ల వేడినిస్తుంది. హాస్టళ్ళకు, హాస్పిటళ్ళకు బాగా పనికొస్తుంది. ఇంటికైతే ధర ఇంకా ఎక్కువ, మేడ మీద సోలార్ హీటరే మేలు.

ఇప్పుడు ఊరూరా ఇందిరమ్మ ఇళ్ళ స్లాబులు పడుతున్నాయి, ఒక్కో ఇంటికి 5 లక్షల సాయం. స్లాబు క్యూరింగ్ అయిన వెంటనే దాని మీద తెల్లపూత కూడా పడాలి. లక్షల ఖర్చులో అది ఎంత? పూతతో గది వేడి రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గుతుందని కూల్ రూఫ్ విధానం చెబుతోంది. ఆ తర్వాత ఏసీ పెట్టించినా టన్నున్నర చోట టన్ను సరిపోవచ్చు. సోలార్ ప్యానెళ్ళు పెట్టించినవాళ్ళకు వాటి నీడ అదనపు లాభం.

మా ఇంటికి మాత్రం పాత పద్ధతే. శివరాత్రి దాటి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక స్లాబు కడిగి, సున్నంలో కాస్త జిగురు కలిపి, పొద్దు గూకాక కుంచె కట్టతో రెండుసార్లు పూస్తాం. మర్నాడు మధ్యాహ్నం మేడెక్కితే కళ్ళు చెదురుతాయి, బట్టలు ఆరేయడానికి చెప్పుల్లేకుండా నడవొచ్చు. వానలకు సగం కొట్టుకుపోతుంది. మళ్ళీ శివరాత్రికి కొత్త సున్నం తెస్తాం.