విదేశీ నర్సు ఉద్యోగం: ఇన్ని కాగితాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తిచేసినవాళ్లు ముందుగా అడిగేది "ఏ దేశం మంచిది?" అని. చాలామందికి ఆ జవాబు వాళ్ల సర్టిఫికెట్లలోనే ఉంటుంది. ఏ దేశం ఏ కాగితం ఎందుకు అడుగుతోందో తెలిస్తే, ఏది ముందు సరిచేసుకోవాలో తెలుస్తుంది.

1953 దాకా ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పొరుగున వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో నర్సింగ్ శిక్షణ 1909లో, డిగ్రీ 1946లో మొదలయ్యాయి. నర్సులు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకోవాలన్న పద్ధతి మనకు 1926 నాటి మద్రాసు చట్టంతో వచ్చింది. చదివిన రాష్ట్రంలోనే మొదటి రిజిస్ట్రేషన్ అన్నది ఇప్పటికీ వాడుక. సరిహద్దు జిల్లా కాబట్టి బెంగళూరులోనో వెల్లూరులోనో చదివినవాళ్లు ఇక్కడ ఎక్కువ. ఇక్కడ పనిచేయాలంటే వాళ్లు అక్కడి కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌కు మారాలి. 2014 విభజనకు ముందు ఉమ్మడి కౌన్సిల్లో నమోదైనవాళ్లు తమ రెన్యువల్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో ముందే తేల్చుకోవాలి. విదేశీ కౌన్సిల్ అడిగే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉంది, ఫిర్యాదులు లేవన్న పత్రం) అక్కడి నుంచే రావాలి.

బ్రిటన్ విషయంలో మనవాళ్లకు అంతగా తెలియని సంగతి ఒకటుంది. 2000ల మొదట్లో అక్కడి ప్రభుత్వం తెచ్చిన నియామక నియమావళి, తాము అభివృద్ధి సాయం చేస్తున్న నాలుగు భారతీయ రాష్ట్రాల నుంచి ఆసుపత్రులు నర్సుల్ని వెతికి తీసుకెళ్లకూడదంది. ఆ నాలుగు: ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్. ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవడానికి అడ్డు లేదు, ఏజెన్సీలు వచ్చి ఇంటర్వ్యూలు పెట్టడానికే అడ్డు. కేరళకు ఆ ఇబ్బంది లేదు. ఈ దారి చూపించే సీనియర్లు అక్కడ ఊరూరా ఉండి, మన దగ్గర తక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణమే. అలా నర్సుల్ని వెతికి తీసుకెళ్లకూడదన్న దేశాల ఎరుపు జాబితాలో ఇప్పుడు భారత్ లేదు.

గల్ఫ్ దారిలో నిబంధనలు దెబ్బలు తిన్నాకే వచ్చాయి. 1983 వలస చట్టం కింద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి) ప్రధానంగా పదో తరగతి పాస్ కానివారికి. నర్సులు పది దాటినవాళ్లు కాబట్టి వాళ్ల పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ (ఆ క్లియరెన్స్ అక్కర్లేనిది). అంటే అప్పట్లో వాళ్లు ఎవరి ద్వారా, ఎంత కట్టి, ఏ ఆసుపత్రికి వెళ్తున్నారో ప్రభుత్వం దగ్గర లెక్కే ఉండేది కాదు. 2014లో ఇరాక్‌లోని తిక్రిత్‌లో 46 మంది నర్సులు యుద్ధం మధ్య చిక్కుకుని జులైలో తిరిగొచ్చారు. ఆ తర్వాత కువైట్ నియామకాల్లో రూ.19,500 తీసుకోవాల్సిన చోట ఒక్కొక్కరి దగ్గర రూ.19.5 లక్షల దాకా వసూలు చేశారన్న కేసు కొచ్చిలో బయటపడింది. దాంతో 2015లో గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్లే నర్సులకు, ఈసీఎన్ఆర్ ఉన్నా సరే, క్లియరెన్స్ తప్పనిసరి చేశారు. నియామకాలు మొదట కేరళ ప్రభుత్వ సంస్థలు నార్కా రూట్స్, ఒడెపెక్‌లకు అప్పగించారు, తర్వాత మన రాష్ట్ర సంస్థ ఓంక్యాప్ కూడా చేరింది. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా రూ.30,000, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగితే అక్కడితో ఆగిపోండి. విజిట్ వీసా మీద వెళ్లి ఉద్యోగంలోకి మారొచ్చన్న మాట అసలు వినొద్దు.

దొంగ సర్టిఫికెట్ల బెడద వల్ల వచ్చింది, గల్ఫ్ కౌన్సిళ్లు డేటాఫ్లో అనే సంస్థతో చేయించే తనిఖీ. వాళ్లు మీ కాగితం చూసి ఊరుకోరు, దాన్ని ఇచ్చిన కాలేజీకి, కౌన్సిల్‌కు, ఆసుపత్రికి రాసి అడుగుతారు. మనవాళ్లవి ఎక్కువగా రెండుచోట్ల ఆగుతాయి.

ఒకటి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో వేరుగా పడుతుంది. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు చేర్పిస్తే కౌన్సిల్ రికార్డుతో అసలే కుదరదు. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టేటప్పుడే మెమోలో ఉన్నట్టు రాయించుకోవాలి. డిగ్రీలో తేడా ఉంటే యూనివర్సిటీలోనే దిద్దించుకోవాలి, నోటరీ అఫిడవిట్‌ను అన్నిచోట్లా ఒప్పుకోరు.

రెండోది అనుభవ పత్రం. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, వార్డు, పడకల సంఖ్య, ఫుల్‌టైమ్ అన్న మాట, సంతకం చేసినవారి హోదా, జవాబు వచ్చే అధికారిక ఈమెయిల్ అందులో ఉండాలి. చిన్న నర్సింగ్ హోమ్ మూతపడినా, యాజమాన్యం మారి పాత రిజిస్టర్లు పోయినా జవాబు రాదు. అందుకే ఉద్యోగం మానేసే రోజునే పత్రం తీసుకోవాలి, జీతం బ్యాంకులో పడేలా చూసుకోవాలి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాకముందు పనిచేసిన నెలల్ని గల్ఫ్ కౌన్సిళ్లు లెక్కలోకి తీసుకోవు.

వెళ్లాలన్న ఒత్తిడికి మూలం జీతమే. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడ్డ కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు రూ.20,000 తగ్గకూడదని సిఫార్సు చేసింది. చాలా నర్సింగ్ హోముల్లో అది అమలు కాలేదు. సర్వీస్ బాండ్ పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే చోట చేరకపోవడం మేలు. తనిఖీ సమయంలో అవి చేతిలో లేకపోతే పని అక్కడే నిలిచిపోతుంది.

ఇక దేశం ఎంపిక. గల్ఫ్‌కు సాధారణంగా రెండేళ్ల తాజా అనుభవం, డేటాఫ్లో, ప్రోమెట్రిక్ పరీక్ష (అక్కడి లైసెన్సుకు కంప్యూటర్ మీద రాసేది) కావాలి. జర్మనీకి భాష కావాలి: నర్సుగా గుర్తింపుకు సాధారణంగా జర్మన్‌లో బీ2 స్థాయి, మొదటి నుంచి నేర్చుకుంటే దాదాపు ఏడాది. ఆ ఏడాది ఉద్యోగం మానేసి చదివితే గల్ఫ్‌కు కావాల్సిన తాజా అనుభవంలో ఖాళీ పడుతుంది, కాబట్టి రెండింటికీ కలిపి సిద్ధమవ్వాలనుకోవడం నష్టమే. అమెరికాకు నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లోనో చెన్నైలోనో రాయొచ్చు గానీ, భారత్‌లో పుట్టినవారికి గ్రీన్ కార్డు వరుస పదేళ్లు దాటింది.

బ్రిటన్‌కు కంప్యూటర్ పరీక్ష సీబీటీ ఇక్కడే రాస్తారు, ప్రాక్టికల్ పరీక్ష ఓఎస్‌సీఈ అక్కడికి వెళ్లాక. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 2018 దాకా నాలుగు విభాగాల్లోనూ 7 అడిగేవారు. రైటింగ్ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతుంటే దాన్ని 6.5కు తగ్గించారు, మిగతా మూడింటిలో 7 అలాగే ఉంది. దాని బదులు వైద్య రంగంవాళ్లకున్న ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ రాస్తే మూడింటిలో బీ, రైటింగ్‌లో సీ ప్లస్. ఈ ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి. పేరు, రిజిస్ట్రేషన్, అనుభవ పత్రం మూడూ సరిచేసుకున్నాకే పరీక్ష ఫీజు కట్టండి.