పాలు లేని గిన్నెలో తోడు

చిత్తూరు నుంచి ఒకామె అడిగింది: “అక్కా, రొమ్ము ఆపరేషన్, కీమో అన్నీ అయిపోయినాయి. ముట్లు ఎప్పుడో ఆగిపోయినాయి. ఇప్పుడు లెట్రోజోల్ మాత్ర వేసుకుంటా ఉండా. ఆయన దగ్గరికొస్తే కింద ఒకటే మంట. మా అత్త వేడి చేసిందంటాది. మాత్ర మానేసేదా?”

డాక్టర్‌ని అడక్కుండా మానొద్దు. మంటకు కారణం వేడీ కాదు, వయసు మీద నెట్టేసి ఊరుకునేదీ కాదు. దాని వెనక చక్కటి రసాయనం ఉంది.

యోని లోపలి పొరలో కణాలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఉంటేనే గ్లైకోజన్ అనే పిండిపదార్థాన్ని దండిగా దాచుకుంటాయి. కణాలు రాలినప్పుడు అది బయటపడుతుంది, ఎంజైములు దాన్ని చిన్న చక్కెరలుగా తుంచుతాయి. వాటిని తిని లాక్టిక్ ఆమ్లం చేసేవి లాక్టోబాసిల్లై. 1892లో డోడర్లైన్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించిన సూక్ష్మజీవులివి. మన పెరుగు తోడులో ఉండేవాటికి దగ్గరి చుట్టాలే. పాలను పులియబెట్టే ఆమ్లమే ఇక్కడా పులుపు కొలతైన (అంకె తగ్గితే పులుపు ఎక్కువ) పీహెచ్‌ని 3.8 నుంచి 4.5 మధ్య నిలబెడుతుంది. ఆ పులుపులో చాలా చెడ్డ సూక్ష్మజీవులు బతకలేవు.

ముట్లాగాక అండాశయాలు ఊరుకున్నా, కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము ఆండ్రోజన్లు అనే మగ హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తూనే ఉంటుంది. రోజుకు 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్ దాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఈస్ట్రోజన్ మీద బతికే క్యాన్సర్ కణాలకు తిండి బంద్. యోనికీ బంద్. పొర పలచబడుతుంది, తడీ సాగుడూ తగ్గుతాయి, పీహెచ్ పెరుగుతుంది. 4 నుంచి 6 అంటే రెండే కదా అనుకోవద్దు. అది లాగరిథం లెక్క, ఒక్కో అంకెకు పదింతల తేడా, అంటే ఆమ్లత వందో వంతుకు పడిపోయినట్టు.

పెరుగు పూసుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఈస్ట్రోజన్ లేక గ్లైకోజనే తగ్గిపోయింది, పాలు లేని గిన్నెలో తోడు వేస్తే ఏం పేరుకుంటుంది? నీళ్లలో ఎంత తోడు కలిపినా పెరుగు కాదు. పైగా పలచబడ్డ పొర మీద ఇంకో చిరాకు.

మంట ఒకసారి తెలిశాక, మరుసటిసారి ముట్టుకోకముందే యోని చుట్టూ ఉండే కటి కండరాలు బిగుసుకుంటాయి. బిగిస్తే నొప్పి, నొప్పికి భయం, భయంతో కోరికా పోతుంది. దీనికితోడు క్యాన్సర్ అంటుకుంటుందని మొగుడు మంచం వేరు చేసుకునే ఇళ్లూ ఉన్నాయి. క్యాన్సర్ కలయికతో అంటుకోదు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే “మీరే చదువుకోండి” అని పేజీ తిప్పేసే మాస్టర్లకు ఇందులో కొంత వాటా ఉంది.

చేయదగ్గవి ఉన్నాయి. హార్మోన్ లేని యోని మాయిశ్చరైజర్‌ని కలయికతో పని లేకుండా వారానికి రెండు మూడుసార్లు వాడాలి. లూబ్రికెంట్ (జారుడు జెల్) కలయిక సమయానికి. కొబ్బరి నూనె రాస్తే లేటెక్స్ కండోమ్ చిరిగిపోవచ్చు. బిగుసుకున్న కండరాలకు ఫిజియోథెరపీ ఉంది. యోనిలో పెట్టే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ మాత్రం, ముఖ్యంగా లెట్రోజోల్ వాడేవాళ్లు, క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడకుండా మెడికల్ షాపులో కొనొద్దు.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. డాక్టరు ముందు నోరు పెగలకపోతే చీటీ మీద “కలయికలో మంట, పొడి” అని రాసి నర్సమ్మ చేతిలో పెట్టినా చాలు. టామాక్సిఫెన్ అనే ఇంకో రొమ్ము క్యాన్సర్ మందు వాడేవాళ్లకు ముట్లాగిపోయాక మళ్లీ రక్తం కనబడితే మాత్రం చీటీ గీటీ వద్దు, ఆలస్యం చేయకుండా పోయి చూపించుకోవాలి. ఆ మందు రొమ్ములో ఈస్ట్రోజన్‌ని అడ్డుకున్నా, గర్భాశయం లోపలి పొర మీద తనే ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుంది.