పికప్ మీద కచ్చురం పెడితే ఇరుసు ఏమంటది?

పోయిన ఎండాకాలం మా అక్క కొడుకు కొలరాడో నుంచి వాట్సాప్‌ల రెండు ఫోటోలు పెట్టిండు. ఒకటి వాని పికప్ డ్రైవర్ డోరు తెరిస్తే కనపడే స్టిక్కర్, మనుషులు సామాను అంతా కలిపి 1600 పౌండ్లు దాటొద్దని రాసి ఉంది. రెండోది ఒక స్లైడ్-ఇన్ క్యాంపర్ బ్రోచర్, బరువు 1500 పౌండ్లు. కింద ఒక్క లైను: "మామా, ఇంకా వంద పౌండ్లు మిగులుతున్నయ్ కదా, తీస్కోనా?"

స్లైడ్-ఇన్ క్యాంపర్ అంటే పికప్ వెనక బాడీలకు జారిచ్చి కూసోబెట్టే చిన్న గది, మంచం, స్టవ్వు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అన్నీ అందులనే. పని అయిపోయినంక దాన్ని నాలుగు జాకీల మీద నిలబెట్టి కింద నుంచి బండి తీస్కపోవచ్చు. వెనకట జాతరకు ఆడోళ్లు పోయే పైకప్పున్న ఎడ్లబండి, సవారి కచ్చురం, చూసినోళ్లకు ఇంకేం చెప్పనక్కర్లేదు, అదే కచ్చురం, ఎడ్లు లేవు, ఏసీ ఉంది.

వాని లెక్క సంగతి తొందరగ తేల్చేద్దాం, అది ఒట్టి కూడిక. బ్రోచర్ల రాసేది ఎండు బరువు, అంటే లోపల చుక్క నీళ్లు, ఒక్క గిన్నె లేనప్పటిది. 30 గ్యాలన్ల నీళ్లంటేనే 250 పౌండ్లు. వాడు, భార్య, పిల్లగాడు కలిసి 350. గ్యాస్ బండ, బ్యాటరీలు, దుప్పట్లు, బియ్యం, పచ్చళ్లు ఇంకో 200 వేసుకోండి. మొత్తం 2300. స్టిక్కర్ చెప్పింది 1600. "హాఫ్ టన్" బండి కాబట్టి ఇంత, "వన్ టన్" కాబట్టి అంత అని అక్కడోళ్లు అంటుంటరు గాని ఆ పేర్లు పాతకాలపువి, ఇప్పటి మోత బరువుకు వాటికి సంబంధం లేదు, స్టిక్కర్ చూడాల్సిందే. వద్దురా అన్న. వాడు మూతి ముడుచుకొని నెల తర్వాత పెద్ద బండే కొన్నడు.

నాకు అసలు ఇంట్రెస్ట్ ఎంత బరువు అన్న దాంట్ల లేదు, ఎక్కడ బరువు అన్న దాంట్ల ఉంది.

మా నాయన ఎడ్లబండికి వడ్లబస్తాలు ఎత్తేటప్పుడు చివరికి ఒక పని చేసేటోడు, ఎడ్లను కట్టకముందు కాడిని ఒక్క చేత్తో లేపి చూసేటోడు. అది కొద్దిగ బరువు అనిపించాలె. అస్సలు లేవకపోతే ముందట బరువెక్కువ, ఎడ్ల మెడలు వాస్తయి. దాని మానాన అదే పైకి లేస్తుంటె వెనక బరువెక్కువ, అప్పుడు కాడి పైకి గుంజి ఎడ్ల గొంతుకు ఉరి పడతది. "రెండు బస్తాలు ముందటికి జరుపుర" అనేటోడు, మళ్లీ లేపి చూసేటోడు. ఆయనకు టార్క్ (ఇరుసు చుట్టూ తిప్పే బలం) అన్న మాట తెల్వదు, ఇరుసు తెలుసు. ఇరుసు ముందట ఉన్న బరువు కాడిని కిందికి నొక్కుతది, వెనక ఉన్నది పైకి లేపుతది, ఎంత దూరంల ఉంటె అంత గట్టిగ. ఆర్కిమెడీస్ క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంల రాసిన తులాదండం లెక్క ఇదే, మన వాకిట్ల రోజూ నడిచేదే.

ఇప్పుడు ఎడ్ల జాగల ముందు చక్రాలు పెట్టండి. వెనక ఇరుసే ఆధారం. బండి ముందు ఇరుసుకు వెనక ఇరుసుకు మధ్య 3.6 మీటర్లు అనుకుందాం, క్యాంపర్ 1000 కిలోలు. దాని గరిమనాభి, అంటే బరువంతా ఒక్క చోట ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు, వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందట పడ్డదనుకోండి. ముందు చక్రాలకు 1000 × 0.3 ÷ 3.6, అంటే 83 కిలోలు పోతయి, వెనక చక్రాలకు 917. సరే. అదే బిందువు 30 సెంటీమీటర్లు వెనకకు పడితే? ముందు చక్రాల మీద 83 కిలోలు తగ్గుతది, వెనక ఇరుసు మీద 1083 పడతది. మనం పెట్టింది వెయ్యి, ఇరుసు మోసేది వెయ్యి ఎనభై మూడు! ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చింది అని నేను పాఠం చెప్పే క్లాసుల అడిగితే సగం మంది తప్పు లెక్క సార్ అనేటోళ్లు. తప్పు కాదు, ముందు చక్రాలు మోసే ఇంజన్ బరువుల కొంత ఇప్పుడు వెనక ఇరుసు మోస్తున్నది, అంతే.

ఒక ఏడాది పిల్లలను తీస్కపోయి మిర్యాలగూడ దిక్కు ఒక రైస్ మిల్లు కాంటా మీద ఇది చూపించిన. టాటా ఏస్, దాని రెండు ఇరుసుల మధ్య 2.1 మీటర్లే. ఐదు బియ్యం బస్తాలు, 250 కిలోలు, వెనక డోరుకు ఆనిచ్చి పెట్టినం, ముందు చక్రాలు ఒక్కటే కాంటా మీదికి ఎక్కించినం. ఖాళీగ ఉన్నప్పటి కంటే 70 కిలోల దాకా తగ్గింది. అవే బస్తాలు క్యాబిన్ దగ్గరికి జరిపితే పెరిగింది. కాంటా ఆయన మొదట నవ్విండు, రెండోసారి అద్దాల గదిల నుంచి లేచి వచ్చి చూసిండు. మన పుస్తకాలల్ల ఈ పాఠం గోడకు నిచ్చెన వేసిన లెక్కతోనే చెప్తరు, ఆ నిచ్చెన ఎక్కి ఏం చేస్తడో ఎవ్వరికి తెల్వదు.

ముందు చక్రాలు తేలికైతే ఏమైతది అంటె, స్టీరింగ్ పట్టు తగ్గుతది, ముందు బ్రేకులు (గట్టిగ ఆపేటప్పుడు ఎక్కువ పని అవే చేస్తయి) రోడ్డును సరిగ పట్టవు, హెడ్‌లైట్లు ఎదురుంగ వచ్చేటోని కండ్లల్ల కొడతయి.

ఇంకొకటి, ఎత్తు. గడ్డి బండి మీద నడినెత్తి దాకా పేర్చి ఎత్తు ఎక్కేటప్పుడు పిల్లగాన్ని ముందు నొగ మీద కూసోమనేటోళ్లు, ఎందుకంటె బండి వాలినప్పుడు పైన ఉన్న బరువు వెనకకు జరుగుతది. క్యాంపర్ గరిమనాభి నేల నుంచి 1.7 మీటర్లు ఉందనుకోండి, వంద మీటర్లకు పది మీటర్లు ఎక్కే ఘాటు మీద ఆ బరువు గీత 17 సెంటీమీటర్లు వెనకకు పోతది. అంటే సమతలం మీద ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందట ఉన్నది, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు లాంటి రోడ్డు ఎక్కేటప్పుడు 7 సెంటీమీటర్లు వెనక పడ్డట్టే. అందుకే క్యాంపర్ చేసేటోళ్లు దాని పక్కన గరిమనాభి ఎక్కడో గుర్తు పెడతరు, పికప్ కంపెనీలు అది ఏ హద్దుల మధ్య పడాల్నో మాన్యువల్‌ల బొమ్మ వేస్తయి. ఆ రెండు కాగితాలు పక్క పక్కన పెట్టి చూసేటోళ్లు తక్కువ.

ఎయిర్‌బ్యాగ్ వేయిస్తె సరిపోతది కదా అని అల్లుడు అడిగిండు, చాలామంది ఇదే అనుకుంటరు. ఇవి ప్రమాదంల ఉబ్బేవి కాదు, వెనక ఇరుసుకు ఛాసిస్‌కు మధ్య పెట్టే గాలి తిత్తులు. బండి తోక కూలబడకుండ లేపుతయి, చూడ్డానికి లెవెల్‌గ ఉంటది. కాని ఇరుసు మీద బరువు ఒక్క కిలో తగ్గదు, ముందు చక్రాలకు పోయిన బరువు తిరిగి రాదు, స్టిక్కర్ మీద అంకె పెరగదు. కుంటుతున్న ఎద్దు కాలికి మంచి లాడం కొట్టినట్టు. కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు) ఇంకో రెండు వేయించినా అంతే. పైగ ఇక్కడ ఒక చిక్కుంది. బండి ఊగే వేగం, సెకనుకు ఎన్నిసార్లు అనేది, కమాను బరువుకు ఎంత కుంగిందో దాన్ని బట్టి ఉంటది, 25 సెంటీమీటర్లు కుంగితె సెకనుకు ఒకసారి, 6 సెంటీమీటర్లు కుంగితె రెండుసార్లు (ఖాళీ బొలెరో పికప్ గుంతల్ల గంతులేసేది ఇందుకే, కమాను చేసింది బరువు మోయనీకి, పైన చూస్తె ఏం లేదు). ఆ ఊగుడును ఆపేది కమాను కాదు, షాక్ అబ్జార్బర్. కమాను గట్టిదనాన్ని మీది బరువును గుణించి వర్గమూలం తీస్తె ఎంత వస్తదో దానికి తగ్గట్టు షాక్ అబ్జార్బర్ బలం ఉండాలె. కమాను పెంచి, బరువు పెంచి, పాత షాక్ అబ్జార్బర్లే ఉంచితె బండి ఊగుతనే ఉంటది. పైన గది, గాలి పక్క నుంచి కొడతది, కాబట్టి అటు ఇటు ఒరగకుండ ఆపే యాంటీ-రోల్ బార్ కూడ లావుది వేస్తరు, అది మంచి ఖర్చే.

టైర్ల గురించి మా అక్క అమెరికాకు ఫోన్ చేసి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినవా అని అడిగింది. యాదగిరిగుట్ట కింద ప్రతి కొత్త బండికి జరిగేదే, నాకేం అభ్యంతరం లేదు, కాని నిమ్మకాయ పెట్టేటప్పుడు ఎట్లాగు వంగుతరు కదా, అదే వంగుడుల టైరు పక్కన సైజు తర్వాత ఉన్న మోత అంకె (లోడ్ ఇండెక్స్) చదవండి. 112 ఉంటె ఆ టైరు 1120 కిలోలు మోస్తది, 121 ఉంటె 1450, అదీ దానికి చెప్పిన గాలి పూర్తిగ ఉన్నప్పుడు. గాలి తగ్గితె మోత తగ్గుతది, టైరు నలిగి వేడెక్కుతది.

క్యాంపర్‌ను బాడీకి కట్టే టర్న్‌బకిల్స్ (తిప్పి బిగించే కొక్కాలు) రేకుకు కాకుండ ఛాసిస్‌కు పట్టించాలె, కింద రబ్బరు మ్యాట్ పరిస్తె జారదు. ఇక బొలెరో మీద చేయొచ్చా అని ఇక్కడోళ్లు అడుగుతరు, బండి రూపం మారిస్తె మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ముందు ఆర్టీవో ఆఫీసుకు పోయి అడగండి, వెల్డింగ్ షాపుకు తర్వాత పోవచ్చు.

అల్లుడు కొత్త బండి మీద దానికి తగ్గ పెద్ద క్యాంపర్ ఎక్కించి హైవే పక్క ట్రక్కు కాంటా మీద తూపిచ్చిండు, అక్కడ ఇరుసుకొక పలక ఉంటది, ఒక్కసారే అన్ని అంకెలు వస్తయి. ఖాళీ బండి స్లిప్పు, క్యాంపర్‌తో స్లిప్పు, రెండూ పంపిండు. క్యాంపర్ 2760 పౌండ్లు, ముందు ఇరుసు మీద 40 పౌండ్లు తగ్గింది. ఆ 40ని ఇరుసుల మధ్య దూరం 4.4 మీటర్లతో గుణించి 2760తో భాగిస్తె 6 సెంటీమీటర్ల పైచిలుకు, అంత ఇరుసు వెనక కూసుంది. ఎందుకట్ల అంటె, కొత్త బండికి గీతలు పడతయని బాడీ ముందు గోడకు క్యాంపర్‌కు మధ్య 5 అంగుళాలు సందు వదిలిండట. జరుపుర అన్న. మా నాయన గొంతే వచ్చింది నాకు.

జరిపిండు, మళ్లీ తూపిచ్చిండు, ఈసారి ముందు ఇరుసు మీద 40 పౌండ్లు పెరిగింది. ఖుషీ అయిండు. నీళ్ల ట్యాంకు నిండుగ ఉందా అని అడిగిన. ఖాళీ అన్నడు. ట్యాంకు ఎక్కడుంది? ఇరుసుకు 90 సెంటీమీటర్లు వెనక. నింపితె 250 పౌండ్లు, అంటె ముందు 51 పౌండ్లు పోతది, మళ్లీ 11 మైనస్. వాడు చాలాసేపు ఏం రాయలే, తర్వాత "బ్యాటరీలు ముందటికి మార్చొచ్చా మామా" అని పెట్టిండు.