బానెట్ తడితే తెలియనిది

బెంగళూరు మారతహళ్లి దగ్గరి షోరూంలో మా బామ్మర్ది మొదట చేసిన పని, కారు బానెట్ మీద వేళ్లతో టకటకా కొట్టి చూడటం. మా నాయనమ్మ కుండ కొనేటప్పుడు అచ్చం ఇలాగే చేసేది. కుండకి ఆ పరీక్ష పనికొస్తుంది, కారుకి రాదు. మన వేళ్లకు తగిలేది పైతోలు. గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడేది లోపలున్న ఎముకల గూడు.

నిజానికి ముందుభాగం నలగాలి. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడమంటే సుమారు 16 మీటర్ల ఎత్తు నుంచి, అంటే అయిదంతస్తుల మేడ మీంచి, పడ్డట్టే. ఆ వేగం నుంచి 60 సెంటీమీటర్లలో ఆగితే ఒంటి మీద మన బరువుకి 27 రెట్ల బలం పడుతుంది. బెల్టు లేక డాష్‌బోర్డుకి తగిలి 5 సెంటీమీటర్లలో ఆగితే 320 రెట్లు! బానెట్ తాను నలిగి మనకు ఆ దూరం సంపాదించి పెడుతుంది. మనం కూర్చునే గది మాత్రం నలగకూడదు.

కార్లను గుద్దించి చూసి, భద్రతకు అయిదు దాకా స్టార్లిచ్చే మన ప్రభుత్వ పరీక్ష భారత్ ఎన్‌క్యాప్. 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ఆ పరీక్షలోనూ ముందునుంచి గుద్దించే వేగం 64 కిలోమీటర్లే. కారు వెడల్పులో 40 శాతం మాత్రమే అడ్డుకి తగులుతుంది. ఆ అడ్డుకి ముందువైపు తేనెపట్టులాంటి అల్యూమినియం దిమ్మె ఉంటుంది. ఎదురుగా దాదాపు అంతే బరువున్న ఇంకో కారు వస్తున్నట్టు లెక్క. అందుకే అయిదు స్టార్ల చిన్నకారూ అయిదు స్టార్ల పెద్ద ఎస్‌యూవీ సమానం కావు. రెండు చిన్నకార్లనైతే పోల్చుకోవచ్చు, తేదీ చూసుకుని.

మారుతి స్విఫ్ట్‌కి, ఇలాంటి పరీక్షలే చేసే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2018లో రెండు స్టార్లిచ్చింది, 2022 చివర్లో ఒకటే. మధ్యలో పరీక్ష కఠినమైంది. పక్కనుంచి గుద్దితే ఏమవుతుందో, ఈఎస్‌సీ (కారు అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉందో లేదో కూడా లెక్కలోకి వచ్చాయి. పాత స్టార్లనీ కొత్త స్టార్లనీ పక్కపక్కన పెట్టడం, పదో తరగతి మార్కుల్ని ఇంటర్ మార్కులతో పోల్చినట్టుంటుంది. నేనైతే స్టార్ల కంటే ముందు, గూడు నిలకడగా ఉందా లేదా అన్న ఒక్క మాట కోసం రిపోర్టు వెతుకుతాను. ఎయిర్‌బ్యాగులు కంపెనీ వచ్చే ఏడాది పెంచగలదు. గూడు మార్చాలంటే కారునే కొత్తగా గీయాలి.

బామ్మర్దికి నెలకు రెండుసార్లు బాగేపల్లి, పెనుకొండ మీదుగా అనంతపురం ప్రయాణం. వెనక సీట్లో మా అత్తమ్మ. "వెనక కూర్చుండేవాళ్లకి బెల్టు ఏంటికి నాయనా?" అంటుంది. 27 రెట్ల లెక్క ఆమెకీ చెప్పాను. 55 కిలోల మనిషి ఆ క్షణంలో దాదాపు టన్నున్నర బరువుతో ముందు సీటు మీద పడుతుంది, ఆ సీట్లో ఉండేది నీ కొడుకేనని. ఆమె ఏమీ అనలేదు. పాత కారులో కొంగు సర్దుకుని బకిల్ కోసం తడుముకుంది. అది సీటు కవరు కింద ఎప్పుడో ఇరుక్కుపోయి ఉంది.