కట్టేసిన బోటులో షాఫ్ట్ ఎందుకు అరుగుతుంది?

ఇంజిన్ ఆపి, రేవులో తాడు కట్టేశాక బోటుకి ఇక విశ్రాంతే అనుకుంటాం. వరద రోజుల్లో గౌతమి ఒడ్డున కట్టిన ఇంజిన్ బోటులో రాత్రిపూట కూర్చుని వినండి, అడుగు నుంచి సన్నగా గరగరమని చప్పుడు వస్తుంది. గేరు న్యూట్రల్‌లో ఉంది, నీళ్లలో బోటుని నెట్టే ఫ్యాన్‌ని (ప్రొపెల్లర్) ప్రవాహం తిప్పుతోంది, దాంతోపాటు దాన్ని ఇంజిన్ వైపుకి కలిపే కడ్డీ, అంటే షాఫ్ట్, తెల్లవార్లూ తిరుగుతోంది.

ఎంత తిరుగుతుందో చూడండి. నీరు సెకనుకి 1.5 మీటర్లు పోతోంది, ఫ్యాన్ పిచ్, అంటే ఒక చుట్టుకి అది నీళ్లలో సాగాల్సిన దూరం, 30 సెంటీమీటర్లు అనుకుందాం. అడ్డేమీ లేకపోతే నిమిషానికి 300 చుట్లు. రాపిడి వల్ల మూడో వంతే తిరిగినా 10 గంటల్లో 60,000 చుట్లు! షాఫ్ట్ మందం 38 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత దాదాపు 12 సెంటీమీటర్లు, అంటే కదలని బోటులో ఆ షాఫ్ట్ ఒక్క రాత్రిలో తనని పట్టి ఉంచే బుష్ (లోపల రబ్బరున్న గొట్టం) మీద 7 కిలోమీటర్లు రాసుకుంది.

ఈ నెమ్మది తిరుగుడే నాకు ఎక్కువ భయం. రబ్బరు బుష్‌కి నూనె ఉండదు, నీళ్లే దానికి నూనె. షాఫ్ట్ వేగంగా తిరిగితే మధ్యలో పల్చటి నీటి పొర ఏర్పడి దాన్ని పైకెత్తి పెడుతుంది, నెమ్మదిగా తిరిగితే ఆ పొర సరిగా నిలవదు, షాఫ్ట్ నేరుగా రబ్బరు మీదే కూర్చుంటుంది. పైగా మన ఎర్రనీటిలో ఇసుక, ఒండ్రు. ఇసుకలోని క్వార్ట్జ్ ఇత్తడి కంటే, మామూలు ఉక్కు కంటే గట్టిది, రబ్బరులో గుచ్చుకుని ఆకురాయిలా షాఫ్ట్‌ని గీరుతుంది. గ్లాండు, అంటే షాఫ్ట్ బోటు బయటికి వెళ్లే చోట నీరు లోపలికి రాకుండా ఆపే బిగింపు, దాని దగ్గర షాఫ్ట్‌కి గాడి పడిందంటే ఎంత బిగించినా నీరు కారుతూనే ఉంటుంది.

వరద తగ్గాక కూడా యానాం వైపు ఆటుపోట్లుంటాయి. రెండు కొసలా కట్టిన బోటు తిరగలేదు కాబట్టి పోటుకి ఒకవైపు, పాటుకి ఇంకోవైపు ఫ్యానే తిరుగుతుంది.

గేర్‌బాక్స్ సంగతి మరీ ముఖ్యం. కొన్నిటిలో ఆయిల్ పంపు ఇంజిన్ వైపు నుంచి నడుస్తుంది, ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది, లోపలి బేరింగులు మాత్రం నూనె అందకుండా తిరుగుతాయి. మెకానికల్ గేరైతే చాలావాటిలో ఇంజిన్ ఆపాక రివర్స్‌లో వేస్తే షాఫ్ట్ ఆగుతుంది (మాన్యువల్ ఒకసారి చూసుకోండి), హైడ్రాలిక్ రకంలో ప్రెషర్ లేక క్లచ్ పట్టదు. అలాంటప్పుడు ఇంజిన్ ఆగి ఉండగానే గేర్‌బాక్స్‌ని షాఫ్ట్‌కి కలిపే కప్లింగ్ దగ్గర, షాఫ్ట్ తిరగకుండా క్లాంపు వేసి బిగించాలి. దాన్ని తీయకుండా స్టార్ట్ చేసి గేరు వేస్తే పెద్ద నష్టం, అందుకే క్లాంపు వేసిన వెంటనే తాళంచెవికి ఒక ఎర్రగుడ్డ కట్టేయండి.