ఒకేలాంటి వాయువులను వేరుచేసే కర్బన పదార్థాలు: అపోహలు - వాస్తవాలు

సూక్ష్మరంధ్రాలున్న కర్బన పదార్థాలపై విజయనగరంలో పీజీ విద్యార్థులతో పనిచేస్తున్నప్పుడు ఎక్కువగా ఎదురయ్యే అపోహలివి.

అపోహ: ఇవి జల్లెడలు. చిన్న అణువు దాటిపోతుంది, పెద్దది ఆగిపోతుంది.

వాస్తవం: పలాసలో జీడిపప్పును పరిమాణాన్ని బట్టి గ్రేడు చేసినట్టే ఇక్కడా జరుగుతుందని అనుకోవడం సహజమే. అయితే లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ కూపర్ బృందం రూపొందించిన సీసీ3 అనే పంజరాకార అణువు విషయంలో ఆ ఊహ నిలవదు. దాని కిటికీ, అంటే లోపలి గదిలోకి దారి, వెడల్పు సుమారు 3.6 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు), జెనాన్ అనే జడవాయువు పరమాణువు వ్యాసం సుమారు 4.1 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ లెక్కన జెనాన్ లోపలికి పోకూడదు. కానీ అణువు నిరంతరం కంపిస్తూ ఉండటం వల్ల కిటికీ క్షణక్షణం విప్పారుతూ ముడుచుకుంటూ ఉంటుంది. అలా లోపలికి చేరిన జెనాన్‌కు ఆ గది సరిగ్గా సరిపోవడంతో చుట్టూ ఉన్న గోడలన్నిటి ఆకర్షణా దానిపై పడుతుంది, అంతకంటే చిన్నదైన క్రిప్టాన్ అనే మరో జడవాయువుకు అంత పట్టు దొరకదు. అందుకే పెద్దది లోపల నిలిచిపోతుంది, చిన్నది ముందుగా బయటికి వస్తుంది. 2014లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ మొదట చదవాలని నా అభిప్రాయం.

2021లో దేశంలోని జిల్లా ఆసుపత్రుల్లో నెలకొల్పిన పీఎస్‌ఏ (పీడనాన్ని పెంచుతూ తగ్గిస్తూ గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే) ఆక్సిజన్ ప్లాంట్లలో వాడేది కర్బన పదార్థం కాదు, సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌లతో కూడిన జియోలైట్ అనే రంధ్రాల పదార్థం. అక్కడ కూడా నైట్రోజన్, ఆక్సిజన్ రెండూ రంధ్రాల్లోకి వెళ్తాయి. లోపలి ధనావేశ అయాన్లు నైట్రోజన్‌ను ఎక్కువగా ఆకర్షించడం వల్లే ఆక్సిజన్ విడివడుతుంది.

అపోహ: ఉపరితల వైశాల్యం ఎక్కువైతే వేరుచేసే శక్తీ ఎక్కువే.

వాస్తవం: పీఏఎఫ్-1 అనే మరో కర్బన పదార్థానికి లోపలి రంధ్రాల గోడలతో కలిపి గ్రాముకు 5,600 చదరపు మీటర్ల వైశాల్యం ఉంది, సీసీ3కి వెయ్యి కూడా లేదు. అయినా గాలిలో అతి స్వల్పంగా ఉన్న జెనాన్‌ను పట్టుకున్నది సీసీ3యే. వైశాల్యం ఎంత వాయువు పడుతుందో చెబుతుంది గాని, ఏ వాయువు నిలుస్తుందో చెప్పదు.

అపోహ: లోహం లేదు కాబట్టి తేమ తగిలితే పాడైపోతుంది.

వాస్తవం: అన్నిటి విషయంలో ఇది నిజం కాదు. సీసీ3 మరిగే నీటిని కూడా తట్టుకుంటుంది. అయితే మన తీరప్రాంతపు తేమలో తెరిచి ఉంచిన నమూనా రంధ్రాల్లో నీరు చేరుతుంది కనుక, కొలతకు ముందు వేడిచేసి, శూన్యంలో ఆరబెట్టకుండా తీసిన ఏ ఫలితాన్నీ నేను అంగీకరించను.

అపోహ: ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మంచి పదార్థం.

వాస్తవం: పట్టుకున్న వాయువును మళ్లీ వదిలించాలి కదా. ప్రొపిలీన్, ప్రొపేన్ అనే ఒకేలాంటి రెండు వాయువుల మరుగు ఉష్ణోగ్రతల మధ్య తేడా దాదాపు 5 డిగ్రీలే కావడంతో వాటిని నేటికీ ఎత్తైన స్వేదన స్తంభాల్లో, ఎంతో శక్తి వెచ్చించి వేరుచేస్తున్నారు. పట్టును వదిలించడానికే అంత వేడి అవసరమైతే కొత్త పదార్థం వల్ల ఆ పరిశ్రమకు ఒరిగేదేమీ ఉండదు.